ఒక యుద్ధం, ఇద్దరు బాలికలు: ‘పెర్సెపొలిస్’ చిత్రకథ చరిత్రకు ఎంతవరకు సాక్ష్యం?

1980 సెప్టెంబరు 22వ తేదీన, హిజ్రీ 1400వ సంవత్సరం ముగియడానికి ఇంకా రెండు నెలలైనా లేని సమయంలో, ఇరాఖ్ యుద్ధవిమానాలు టెహరాన్‌లోని మెహ్రాబాద్ విమానాశ్రయంపైనా, మరికొన్ని ఇరాన్ వైమానిక స్థావరాలపైనా బాంబులు కురిపించాయి. ఇరాఖ్ సైన్యం సరిహద్దు దాటి ఖూజిస్తాన్ రాష్ట్రంలోకి చొచ్చుకువచ్చింది. ఆనాడు మొదలైన యుద్ధం 1988 ఆగస్టు 20న గాని ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దంలో రెండు ముస్లిం రాజ్యాల మధ్య ఇంత దీర్ఘమైన, ఇంత వినాశకరమైన పోరు మరొకటి జరగలేదు. మృతుల సంఖ్య గురించి ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. ఇరాన్ ప్రభుత్వం ఒప్పుకున్న సంఖ్యే రెండు లక్షలకు అటూ ఇటూగా ఉంది.

ఆ రోజున టెహరాన్‌లో పదకొండేళ్లు ఇంకా నిండని ఒక బాలిక ఉంది. దక్షిణాన షత్తుల్ అరబ్ ఒడ్డున ఉన్న ఖుర్రంషహర్ రేవు పట్టణంలో పదిహేడేళ్ల మరొక బాలిక ఉంది. మొదటి బాలిక మర్జానె సత్రాపీ. రెండవ బాలిక సయ్యిదా జహ్రా హుసైనీ. ఇరువురూ పెద్దవారై తమ జ్ఞాపకాలను లోకానికి చెప్పారు. ఒకరు బొమ్మలు గీసి చెప్పారు, మరొకరు నోటితో చెప్పి రాయించారు. మొదటి పుస్తకం పేరు ప్రపంచమంతటా మారుమోగింది. రెండవది ఇరాన్‌లో ఇంటింటికీ చేరింది. ఈ వ్యాసంలో ప్రధానంగా మొదటి పుస్తకాన్ని పరిశీలించదలచాము. అయితే రెండవదాన్ని పక్కన పెట్టుకొని చూస్తే తప్ప మొదటిదాని విలువా, దాని పరిమితీ తెలిసిరావు.

‘పెర్సెపొలిస్’ ఫ్రెంచి భాషలో 2000 నుండి 2003 వరకు నాలుగు సంపుటాలుగా పారిస్‌లో వెలువడింది. రచయిత్రి 1969లో కాస్పియన్ తీరాన ఉన్న రష్త్‌లో జన్మించి, టెహరాన్‌లో పెరిగింది. తండ్రి ఇంజనీరు. కుటుంబం సంపన్నమైనది, వామపక్ష భావాలు గలది. బాలికను ఫ్రెంచి పాఠశాలలో చదివించారు. 1984లో, పద్నాలుగేళ్ల వయసున ఆమెను ఒంటరిగా వియన్నాకు పంపారు. యుద్ధం ముగిసిన తరువాత ఆమె తిరిగివచ్చి, టెహరాన్‌లో చిత్రకళ చదివి, 1994లో శాశ్వతంగా ఫ్రాన్సుకు వెళ్లిపోయింది. ఈ జీవితమంతా నలుపు తెలుపు బొమ్మల గడులలో, ఒక్కొక్క గడికి ఒకటి రెండు వాక్యాల చొప్పున నడుస్తుంది. పుస్తకం పేరు గ్రీకులు పెట్టిన పేరు. ఇరానీయులు ఆ శిథిల నగరాన్ని తఖ్తె జంషీద్ అంటారు. షా ముహమ్మద్ రజా 1971 అక్టోబరులో ఇరాన్ రాచరికానికి రెండు వేల ఐదు వందల ఏళ్లు నిండాయని ప్రపంచ రాజులను పిలిచి కోట్లు ఖర్చు చేసి విందు చేసింది అక్కడే.

బొమ్మల పుస్తకం చరిత్రకు ఆధారమవుతుందా అని పెద్దలు కొందరు సందేహించవచ్చు. బొమ్మ చూపుతూ కథ చెప్పడం ఇరాన్‌కు కొత్త కాదు. కర్బలా ఘట్టాలు చిత్రించిన పెద్ద తెరను గోడకు వేలాడదీసి, కర్రతో చూపుతూ గానం చేసే పర్దాఖానీ అక్కడ తరతరాలుగా ఉన్నది. మన తెలంగాణాలో చేర్యాల పటం చూపి కులపురాణం చెప్పే పద్ధతి దానికి దూరపు బంధువు వంటిదే. ఆ పటం గీసేవారిని ‘నకాషీలు’ అనడంలోనే నఖ్ష్ అన్న మాట దాగి ఉంది. సత్రాపీకి దారి చూపినది మాత్రం ఇరాన్ తెరలకంటె పాశ్చాత్య చిత్రకథలే. ముఖ్యంగా యూదుల మారణహోమంపై ఆర్ట్ స్పీగెల్‌మన్ గీసిన ‘మౌస్’.

చరిత్రకారునికి కావలసిన ప్రశ్న రూపాన్ని గురించినది కాదు. ఈ సాక్షి ఏది స్వయంగా చూసింది? ఏది విన్నది? ఎవరి నుండి విన్నది? మన పూర్వీకులు ఒక ఖబర్ చేతికి వస్తే, అందులో ఏముందో చూడడానికి ముందు అది ఎవరెవరి నోళ్ల మీదుగా వచ్చిందో చూసేవారు. ఆ కొలబద్దతో చూస్తే ‘పెర్సెపొలిస్’లో మూడు పొరలు కనిపిస్తాయి. బాలిక కళ్లారా చూసినవి ఒక పొర. ఇంటి పెద్దలు భోజనాల వద్ద చెప్పుకోగా విన్నవి రెండవ పొర. పాతికేళ్లు దాటిన స్త్రీ పారిస్‌లో కూర్చొని వెనక్కు చూసి కలిపినవి మూడవ పొర. మూడూ ఒకే నల్లసిరాతో గీసి ఉండడం వలన చదువరికి తేడా తెలియదు. ఈ పుస్తకంతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 1978 ఆగస్టు 19న అబాదాన్ పట్టణంలో రెక్స్ సినిమాహాలు తగలబడి నాలుగు వందల మంది వరకు మరణించారు. అది 1953లో ప్రధాని ముసద్దిఖ్‌ను అమెరికా, బ్రిటిష్ గూఢచార సంస్థలు కూలదోయించిన రోజు కూడా. విప్లవాన్ని ఉరకలెత్తించిన సంఘటనలలో ఇది ఒకటి. షా ప్రభుత్వం ఈ పని మతోన్మాదులదని ప్రకటించిందనీ, అయితే అది షా పనేనని ప్రజలకు తెలుసుననీ సత్రాపీ తన పుస్తకంలో చెబుతుంది. అనంతరం 1980లో విప్లవ న్యాయస్థానం ముందు జరిగిన విచారణలో నిప్పుపెట్టినవారిలో బతికి ఉన్న ఒక యువకుడు నేరం అంగీకరించాడు. అతడు షాకు వ్యతిరేకులైన ధార్మిక బృందాలతో తిరిగినవాడు. ఈనాటి చరిత్రకారులలో పలువురు ఈ నిర్ధారణవైపే మొగ్గుతున్నారు. మరి పుస్తకం అబద్ధం చెప్పిందా? లేదు. 1978లో టెహరాన్‌లో ఒక చదువుకున్న కుటుంబం ఏమి నమ్మిందో అది యథాతథంగా నమోదు చేసింది. ఆ నమ్మకమే లక్షలాది జనాన్ని వీధుల్లోకి తెచ్చింది గనుక, అది చరిత్రకు అవసరమైన వాస్తవమే. అబాదాన్‌లో ఏమి జరిగిందో తెలుసుకోవడానికి మాత్రం ఈ పేజీ చాలదు.

స్వయంగా చూసినవాటి విషయంలో ఈ సాక్షి గట్టిది. షా జైలులో తొమ్మిదేళ్లు గడిపిన చిన్నాన్న అనూష్ విప్లవం రాగానే విడుదలై, అన్నగారింట కూర్చొని బాలికకు తన కథ చెబుతాడు. జైలులో రొట్టెపిండితో చేసిన హంసబొమ్మ ఇస్తాడు. కొద్దికాలానికే కొత్త ప్రభుత్వం అతణ్ణి రష్యా గూఢచారిగా ఆరోపించి పట్టుకుపోయింది. చివరిసారి చూడడానికి ఒక్కరినే పిలుచుకోవచ్చునంటే అతడు ఆ బాలికను పిలుస్తాడు. అప్పుడు మరొక హంస ఇస్తాడు. ఆ తరువాత మరణశిక్ష. ఇరాన్ విప్లవంలో షాను ఎదిరించినవారు ఒక్క వర్గం వారు కారు. ఉలమాలు, బజారు వర్తకులు, జాతీయవాదులు, కమ్యూనిస్టులు, ముజాహిదీన్ సంస్థ, అందరూ కలిసి ఎదిరించారు. 1979 ఫిబ్రవరి 11న విజయం లభించిన తరువాత రెండు మూడు ఏళ్లలో వారిలో ఒక్క వర్గమే నిలిచింది. ఈ పరిణామాన్ని ఎన్నో గ్రంథాలు వివరించాయి. ఆ రెండు రొట్టె హంసల మధ్య దూరంలో అది తెలిసినంత సూటిగా వాటిలో తెలియదని మా అభిప్రాయం.

పుస్తకం మొదటి పుటలోనే 1980లో పాఠశాల బాలికలపై హిజాబు విధించిన ఘట్టం ఉంది. ఐదుగురు బాలికలు వరుసగా కూర్చున్నారు. ఆటస్థలంలో పిల్లలు ఆ గుడ్డను గుర్రపు కళ్లెంగాను, తాడుగాను వాడుకుంటారు. నిర్బంధానికి వ్యతిరేకంగా ఊరేగింపులో నడిచిన తల్లి ఫోటో పత్రికలలో పడగా, ఆమె భయంతో జుట్టుకు రంగు వేసుకుని నల్లకళ్లద్దాలు పెట్టుకుంది. ఇదంతా నిజం. 1979 మార్చి 8న టెహరాన్ వీధుల్లో స్త్రీలు వేలాదిగా నిరసన తెలిపారన్నది నిర్వివాదం. 1983లో హిజాబు లేకుండా బయటికి వచ్చినవారికి 74 కొరడా దెబ్బల శిక్ష చట్టంలోకి ఎక్కింది. కాని ఈ కథకు నలభై నాలుగేళ్ల ముందటి అధ్యాయం ఒకటి ఉంది. 1936 జనవరి 8న రజా షా స్త్రీల పర్దాను నిషేధించాడు. పోలీసులు నడివీధిలో తలమీది గుడ్డను లాగివేశారు. స్నానశాలకు సైతం పోలేక ఇల్లు కదలని స్త్రీలు ఎందరో. నానమ్మల కాలం నుండి కథ చెప్పే పుస్తకంలో ఈ సంగతికి తగిన చోటు దొరకకపోవడం గమనించదగినది. ఎందుకు దొరకలేదు? ఆ నిషేధం బాధించిన ఇళ్లు వేరు, సత్రాపీ పుట్టిన ఇల్లు వేరు. 1936లోనూ, 1980లోనూ రాజ్యం స్త్రీ తలపై చేయి వేసింది. ఒకసారి గుడ్డ లాగడానికి, ఒకసారి గుడ్డ కప్పడానికి. రెండింటినీ కలిపి చదవని చరిత్ర సగం చరిత్రే.

ఇక యుద్ధం. బాంబుల వార్త వినగానే బాలిక మనసులో మెదిలినది, పద్నాలుగు వందల ఏళ్లకు అరబ్బులు మళ్లీ దండెత్తారన్న మాట. మన పాఠకులకు ఈ మాట నొప్పి కలిగించవచ్చు. ఇరాన్‌లో ఇస్లాం వ్యాప్తిని పరాయి దండయాత్రగా చూసే ఈ ధోరణి పహ్లవీ పాఠ్యపుస్తకాల దినుసు. అయితే ఆనాడు ఆ మాట బాలిక ఒక్కతే అనలేదు. సద్దాం హుసేన్ ప్రభుత్వమే ఈ యుద్ధానికి ‘సద్దాం ఖాదిసియ్యా’ అని నామకరణం చేసింది. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) నాయకత్వాన ససానీ సైన్యాన్ని ఓడించిన ఖాదిసియ్యా పేరును ఒక బాత్ పార్టీ నియంత సాటి ముస్లిములపై దాడికి జెండాగా ఎగరేశాడు. ఆ యుద్ధంలో ఎదుటివారు అగ్నిపూజకులు. ఈ యుద్ధంలో ఎదుటివారు కలిమా చదివేవారు. ఈ తేడా బాగ్దాదు ప్రచార శాఖకు అడ్డురాలేదు.

ఇరాన్ సైతం చరిత్ర పేర్లను తక్కువగా వాడలేదు. దాని సైనిక చర్యలకు ఫత్హుల్ ముబీన్, బైతుల్ మఖ్దిస్, వల్ ఫజ్ర్, కర్బలా అని పేర్లు. ఒకరు ఖాదిసియ్యా అంటే మరొకరు కర్బలా అన్నారు. చరిత్రలో నిజంగా జరిగినది ఈ రెండు పేర్లకూ లొంగలేదు. ఖూజిస్తాన్‌లోని అరబ్బులు తమవైపు తిరుగుతారని సద్దాం లెక్క వేశాడు, వారిలో అధికులు తిరగలేదు. ఇరాఖ్ సైన్యంలో అధిక సంఖ్యాకులైన షీయా సిపాయిలు తమవైపు వస్తారని టెహరాన్ లెక్క వేసింది, వారూ రాలేదు. భాష పేరిట వేసిన లెక్కా, మజ్హబ్ పేరిట వేసిన లెక్కా రెండూ తప్పాయి. యుద్ధానికి ప్రత్యక్ష కారణం కూడా భాషా కాదు, మజ్హబూ కాదు. షత్తుల్ అరబ్ జలమార్గంపై 1975లో అల్జీర్స్‌లో కుదిరిన ఒప్పందం సద్దాంకు మింగుడుపడలేదు. విప్లవ ఇరాన్ తన దేశంలో తిరుగుబాటు రేపుతుందన్న భయం ఒకటి, సైన్యాధికారులను కోల్పోయిన ఇరాన్ బలహీనంగా ఉందన్న ఆశ ఒకటి. దాడికి ఐదు రోజుల ముందు, సెప్టెంబరు 17న, ఆ ఒప్పందం చెల్లదని అతడు బహిరంగంగా ప్రకటించాడు.

‘పెర్సెపొలిస్’లో అత్యంత వివాదాస్పదమైనది ‘తాళంచెవి’ అధ్యాయం. ఇంట పనిచేసే స్త్రీ ఒక రోజు ఏడుస్తూ ఒక ప్లాస్టిక్ తాళంచెవి తెచ్చి చూపుతుంది. దానికి బంగారు రంగు పూసి ఉంది. పద్నాలుగేళ్ల తన కొడుకుకు పాఠశాలలో దాన్ని ఇచ్చి, యుద్ధంలో షహీదు అయితే అది స్వర్గద్వారం తెరుస్తుందని చెప్పారట. ఆ పుట చివర రెండు బొమ్మలు ఒకదాని కింద ఒకటి. పై బొమ్మలో మెడలో తాళంచెవులతో బాలురు మందుపాతరల పొలంలో గాలిలోకి ఎగిరిపడుతున్నారు. కింది బొమ్మలో సత్రాపీ ఈడు సంపన్నుల పిల్లలు ఒక విందులో గంతులు వేస్తున్నారు. ఆమె తొడుక్కున్నది తల్లి అల్లి ఇచ్చిన చిల్లుల స్వెట్టరు. రెండు బొమ్మలలోనూ దేహాల భంగిమ ఒకటే.

తాళంచెవుల కథను ఆ రోజులలో పాశ్చాత్య పత్రికలు కూడా విరివిగా ప్రచురించాయి. దీన్ని తోసిపుచ్చినవారు చెప్పే సమాధానం ఒకటి ఉంది. సైనికులు జేబులో పెట్టుకున్నది షేఖ్ అబ్బాస్ ఖుమ్మీ సంకలనం చేసిన ప్రసిద్ధ దుఆ గ్రంథం ‘మఫాతీహుల్ జినాన్’. ఆ పేరుకు అర్థం స్వర్గపు తాళంచెవులు. పేరు విన్న విదేశీయులు దాన్ని నిజమైన తాళంచెవిగా అర్థం చేసుకున్నారని వారి వాదన. ఇది కొట్టివేయదగిన వాదన కాదు. సత్రాపీ పుస్తకంలోని కథనాన్ని ఇస్నాద్ దృష్టితో చూస్తే, కొడుకు తల్లికి చెప్పాడు, తల్లి యజమానురాలికి చెప్పింది, విన్న బాలిక ఇరవై ఏళ్ల తరువాత గీసింది. ఇంతమంది మధ్యవర్తుల మీదుగా వచ్చిన మాటపై ప్రతి పాఠశాలలోనూ తాళంచెవులు పంచారని తీర్మానించడం సాహసమే అవుతుంది. అయితే ఆ ఇంట ఒక వస్తువును చూపారన్నది చూసిన మాట గనుక, దాన్ని పూర్తిగా కల్పన అనడం కూడా అంతే సాహసం.

కాని తాళంచెవి వద్ద ఆగిపోతే అసలు సంగతి చేయిజారుతుంది. బాలురు యుద్ధానికి పోయారా లేదా? ఈ ప్రశ్నకు సత్రాపీ సాక్ష్యం అక్కరలేదు. ఇరాన్ ప్రభుత్వమే సమాధానం ఇచ్చింది. 1980 అక్టోబరు 30న ఖుర్రంషహర్ రంగంలో హుసేన్ ఫహ్మీదా అనే పదమూడేళ్ల బాలుడు నడుముకు గ్రెనేడ్లు కట్టుకుని శత్రు టాంకు కిందికి దూరి మరణించాడు. ఆయతుల్లా ఖుమైనీ అతణ్ణి తమ నాయకుడని కొనియాడారు. అతని కథ పాఠ్యపుస్తకాలలో చేరింది. బసీజ్ దళాలలో చేరిన బాలుర వీలునామాలు, ఫోటోలు ప్రభుత్వ సంస్థలే ప్రచురించాయి. వారు బలవంతంగా పోయారనడం కూడా పూర్తి నిజం కాదు. ఊరు శత్రువు చేతిలో ఉన్నపుడు, తండ్రిని, అన్నను కోల్పోయినపుడు పిల్లవాడు వయసు దిద్దుకుని సైన్యంలో చేరడం ఏ దేశంలోనైనా జరిగింది. అయితే 1982 మే 24న ఖుర్రంషహర్ విముక్తమైంది. ఆ జూన్‌లో ఇరాఖ్ వెనక్కు తగ్గి కాల్పుల విరమణకు సిద్ధపడింది. ఇరాన్ నాయకత్వం అంగీకరించక జూలైలో సరిహద్దు దాటి బస్రాపైకి సేనలను పంపింది. యుద్ధం మరి ఆరేళ్లు నడిచింది. 1980లో ఇంటిని కాపాడడానికి పోయిన బాలునికీ, 1984లో బస్రా చిత్తడి నేలల్లోకి పంపబడిన బాలునికీ ఒకే మాట వాడడం న్యాయమేనా? సత్రాపీ పుస్తకం ఈ ప్రశ్నను ఎత్తింది. ఆమెపై ఎన్ని విమర్శలున్నా ఈ ప్రశ్న ఆమెది అయినందువల్ల చెల్లకుండా పోదు. తాళంచెవి పొందిన పిల్లలంతా బీదవారే, తన బంధువుల పిల్లలకు అది రాలేదని ఆమె తనకు తాను వ్యతిరేకంగా ఇచ్చుకున్న సాక్ష్యం కూడా ఇదే అధ్యాయంలో ఉంది.

బీదవారి వైపు నుండి ఈ యుద్ధాన్ని చూడాలంటే రెండవ పుస్తకం తెరవాలి. దాని పేరు ‘దా’. కుర్దు భాషలో అమ్మ అని అర్థం. సయ్యిదా జహ్రా హుసైనీ 1963లో బస్రాలో ఒక కుర్దు కుటుంబంలో జన్మించి, చిన్నతనంలోనే ఖుర్రంషహర్ చేరింది. ఆమె చెప్పగా సయ్యిదా ఆజం హుసైనీ గ్రంథస్థం చేసిన ఈ జ్ఞాపకాలు 2008లో వెలువడ్డాయి. ఏడు వందల పేజీలకు మించిన గ్రంథం. యుద్ధం మొదలైన రోజులలోనే ఆ పదిహేడేళ్ల బాలిక జన్నతాబాద్ శ్మశానానికి వెళ్లి, స్త్రీల మృతదేహాలకు గుస్ల్ చేయించి కఫన్ చుట్టే పనికి నిలబడింది. నీళ్లు అందక, గుడ్డ చాలక, రాత్రులు కుక్కలు మృతదేహాల దగ్గరికి రాకుండా కాపలా ఉండవలసి వచ్చిన స్థితి. కొద్దిరోజులలో ఆమె తండ్రి చనిపోయాడు. ఆయనను అక్కడే ఖననం చేసింది. ఆ తరువాత అన్న అలీ వంతు. ఆమె వెన్నులో తూటా ముక్క దిగింది. నెల రోజుల పోరు తరువాత, అక్టోబరు చివరి వారంలో, పట్టణం ఇరాఖ్ వశమైంది. ‘ఖుర్రం’ అంటే ఆనందం గనుక ఆ పేరు మార్చి, జనం దాన్ని ఖూనీన్‌షహర్ అనసాగారు.

‘దా’ను కూడా విమర్శ లేకుండా స్వీకరించలేము. అది ప్రచురించినది ప్రభుత్వ ఆదరణ గల సంస్థ. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత ఇంత సూక్ష్మంగా ఎలా జ్ఞాపకం ఉంటుందని ఇరాన్‌లోనే ప్రశ్నించినవారున్నారు. రాజ్యానికి అనుకూలమైన జ్ఞాపకం వంద ముద్రణలు దాటడంలో రాజ్యానికి పాత్ర ఉంటుంది. అయితే కఫన్ గుడ్డ సరిపోని సంగతి ఏ ప్రచార శాఖా కల్పించలేదు. ఆ పుస్తకంలో ఫిర్యాదు కూడా ఉంది. పట్టణానికి ఆయుధాలు పంపడంలో రాజధాని చూపిన అలసత్వంపై, పోరాడుతున్నవారి చేదు మాటలు దానిలో వినిపిస్తాయి.

ఇద్దరు బాలికలు ఒకరినొకరు చూడలేదు. సత్రాపీ పుస్తకంలో దక్షిణం నుండి వచ్చిన కాందిశీకులు ఒక అధ్యాయంలో కనిపిస్తారు. అబాదాన్‌లో ఇల్లు కోల్పోయి, నగలు మాత్రం మిగుల్చుకుని వచ్చిన తల్లి స్నేహితురాలి కుటుంబం వారి ఇంట తలదాచుకుంటుంది. వారిని గురించి టెహరాన్ దుకాణంలో స్త్రీలు చేసిన నీచమైన వ్యాఖ్య ఆ తల్లి చెవిన పడుతుంది. ఒకే జాతి, ఒకే యుద్ధం, అయినా ఉత్తరం దక్షిణాన్ని ఎలా చూసిందో రచయిత్రి దాచలేదు. తరువాత క్షిపణులు టెహరాన్‌కే వచ్చాయి. పొరుగున ఉన్న యూదు కుటుంబం ఇల్లు కూలింది. శిథిలాల మధ్య ఆమె ఈడు స్నేహితురాలి చేతికుండే ఫిరోజా రాళ్ల కంకణం కనిపించింది, అది ఇంకా దేనికో అంటుకుని ఉంది. ఆ తరువాతి గడిలో బొమ్మ లేదు. పూర్తిగా నలుపు.

ఈ పుస్తకం ఆధారంగా రచయిత్రి స్వయంగా భాగస్వామిగా తీసిన సినిమా 2007లో కాన్ ఉత్సవంలో బహుమతి పొందింది. ఇరాన్‌లోని ఫారాబీ సంస్థ నిరసన తెలిపింది. 2011 అక్టోబరులో ట్యునీషియాలో ఒక ప్రైవేటు టెలివిజన్ దీన్ని ప్రసారం చేయగా, బాలిక తన ఊహలో దైవాన్ని గడ్డమున్న వృద్ధునిగా చూసిన దృశ్యంపై పెద్ద అలజడి రేగింది. తరువాతి మే నెలలో ఆ సంస్థ అధిపతికి న్యాయస్థానం 2,400 దీనారుల జరిమానా విధించింది. దైవానికి రూపం కల్పించడం మన అఖీదాకు విరుద్ధమన్నది స్పష్టమే, ఆ బొమ్మను మెచ్చుకోనవసరం లేదు. అయితే ఆ బొమ్మ ఆరేళ్ల పసిపిల్ల ఊహ అనీ, పుస్తకంలో ఆ రూపం కార్ల్ మార్క్సు ముఖంలాగే ఉందని ఆ పిల్లే నవ్వుకుంటుందనీ అలజడిలో ఎవరూ వినిపించుకోలేదు. చిత్రమేమంటే 2013 మార్చిలో అమెరికాలోని చికాగో పాఠశాలల అధికారులు కూడా ఈ పుస్తకాన్ని తరగతి గదుల నుండి తొలగించమన్నారు. కారణం చిత్రహింసల బొమ్మలు. విద్యార్థులు వీధికెక్కగా ఆ ఉత్తర్వును పై తరగతులకు సడలించారు. ట్యూనిస్‌లో ఒక గడి, చికాగోలో మరొక గడి. పుస్తకాన్ని మొత్తంగా చదివినవారు రెండు చోట్లా తక్కువే.

అలా చదవనివారికి తెలియని ఘట్టం ఒకటి నాలుగవ సంపుటంలో ఉంది. యుద్ధం ముగిసింది. టెహరాన్ వీధులకు షహీదుల పేర్లు, గోడలపై వారి ముఖాలు. యుద్ధంలో కాలూ చేయీ పోగొట్టుకున్న బాల్యమిత్రుడు చక్రాల కుర్చీలో ఆమెను నవ్విస్తాడు. విశ్వవిద్యాలయ చిత్రకళా ప్రవేశానికి ఆమె, ఒడిలో కుమారుని శవంతో ఉన్న మర్యమ్ విగ్రహాన్ని నమూనాగా తీసుకుని, తల్లికి నల్లచాదరు, కొడుకుకు సైనిక దుస్తులు వేసి గీసి ఉత్తీర్ణురాలైంది. ఆపై సిద్ధాంత పరీక్ష. ఎదుట ఒక ఆలిం కూర్చున్నారు. ఆస్ట్రియాలో హిజాబు ధరించావా అంటే లేదన్నది. అరబీలో నమాజు వచ్చునా అంటే రాదన్నది, దైవంతో తనకు అర్థమయ్యే భాషలోనే మాట్లాడుకుంటానన్నది. (ఫారసీలో ఖిరాఅత్ విషయమై ఇమామ్ అబూ హనీఫాకూ ఆయన శిష్యులకూ మధ్య జరిగిన ప్రసిద్ధ చర్చ మన ఫిఖ్హ్ విద్యార్థులకు తెలిసినదే. ఆ బాలికకు అది తెలిసి ఉండకపోవచ్చు.) ఇంతటితో తన చదువు ముగిసిందని ఆమె ఇంటికి వచ్చింది. కొన్ని వారాలకు ఫలితాలు వచ్చాయి, ఆమె పేరు ఉంది. తన ముందు అబద్ధం ఆడనిది ఆమె ఒక్కతేనని ఆ ఆలిం అన్నట్లు తరువాత తెలిసింది. ఆయన పేరు పుస్తకంలో లేదు. ఆయనను మాత్రం ఆమె గౌరవంగానే గీసింది.